ఏడు ఊబుల అవతలి ఏరుమద్ది

నేను ఇంతకు ముందు ఏదీ రాసినదాన్ని కాను. ఐదో తరగతితో బడి మానేశాను. నోటితో చెప్పమంటే చెబుతాను, అదీ పిల్లలు చుట్టూ కూర్చుంటేనే. పెద్దవాళ్ళెవరన్నా వచ్చి నిలబడితే మాట ఆగిపోతుంది. కాగితం మనవైపు చూడదు కదా అని ధైర్యం చేశాను. ఇక కథ.

ఏరు పుట్టిన చోటికీ ఏరు సముద్రంలో కలిసే చోటికీ సరిగ్గా నడుమ గట్టుపురం అనే పట్నం ఉండేది. ఆ పట్నాన్ని కొండభూపతి అనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, రెండోవాడు గుణధీరుడు, మూడోవాడు మణిధీరుడు. పెద్దవాడికి బలం ఉంది. రెండోవాడికి బడాయి ఉంది. మూడోవాడికి ఏముందో ఎవరికీ తెలియదు. ఎందుకంటే వాడు పెద్దగా మాట్లాడడు.

రాజుకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, బంగారు ఉయ్యాలుంది. కాలికింద నేల మాత్రం లేదు. ఏటా వాన పడగానే పాలవంక ఏరు పొంగేది. గట్టు నానేది, మెత్తబడేది, విరిగేది. ఒక ఏడు కుమ్మరి వీధి ఏట్లో కలిసింది. మరో ఏడు సాలెవీధి కలిసింది. ఆ పై ఏడు గుర్రపుసాల కలిసింది. గుర్రాలు ఈదుకుంటూ వచ్చాయి గాని సాల రాలేదు.

ఇదంతా ఎవరి పని? ఊబిమల్లుడి పని. వాడొక మాంత్రికుడు. ఏడు ఊబుల అవతల ఉంటాడు. బురద పూసుకుంటాడు, బురదే తింటాడు, బురదలోనే పడుకుంటాడు. ఎక్కడన్నా గట్టినేల కనిపిస్తే వాడికి కళ్ళమంట. ఒకప్పుడు పాలవంక గట్టు పొడుగునా ఏరుమద్ది చెట్లుండేవట. ఒకదాని వేళ్ళు ఇంకొకదాని వేళ్ళలో పెనవేసుకుని, చేయీ చేయీ పట్టుకున్న ఆడపిల్లల్లా నిలబడి, మట్టిని జారనిచ్చేవి కావట. ఊబిమల్లుడు వాటన్నిటినీ ఒక్క వానలో పెరికేశాడు. ఒక్కటంటే ఒక్క చెట్టు తన తోటలో దాచుకున్నాడు. చూసిన ముసలివాళ్ళు పోయారు. చెట్టు పేరు మాత్రం జనం నోట మిగిలింది.

"ఏరుమద్ది తెచ్చి నాటితే తప్ప పట్నం నిలవదు నాయనా" అన్నాడు రాజు.

"మద్ది తెలియనివాడెవడు నాన్నగారూ? మన కోట దూలాలన్నీ మద్దివే" అన్నాడు రణధీరుడు. కొండకు వెళ్ళాడు. ఏనుగుల మీద వెయ్యి మద్ది మొక్కలు తెచ్చి గట్టున నాటించాడు. అవి నల్లమద్దులు. కోట మొయ్యగల మాను గట్టు మొయ్యలేదా అనుకున్నాడు. నల్లమద్ది కొండమీద రాళ్ళ మధ్య పెరిగే చెట్టు. దానికి నీళ్ళు వచ్చి పోవాలి గాని వచ్చి కూర్చుంటే గిట్టదు. వాన వచ్చింది, నీళ్ళు కూర్చున్నాయి, ఆకులు పసుపెక్కాయి, వేళ్ళు కుళ్ళాయి. చెట్లతో పాటు ఒక వీధి పోయింది.

"అన్నయ్య చిన్నవి నాటాడు, అదీ లోపం" అన్నాడు గుణధీరుడు. ఆ మరుసటేడు అంతకు రెట్టింపు పొడుగున్న నల్లమద్దులను వేళ్ళతో సహా తవ్వించి, మేళతాళాలతో తెచ్చాడు. వాన వచ్చింది. పెద్ద చెట్లు కదా, పెద్ద చప్పుడుతో పడ్డాయి. రెండు వీధులు పోయాయి.

ఆ ఎండాకాలం ఊబిమల్లుడే నేరుగా కొలువుకు వచ్చాడు. నడిచిన చోటల్లా బురద.

"రాజా, రాబోయే వానకు నీ కోట నాది. కాదంటావా, నా తోటకు కొడుకుల్ని పంపు. మూడు పరీక్షలు పెడతాను. ఏరుమద్దిని గుర్తుపడితే గింజలిస్తాను. తప్పితే నా ఊబిలో దిష్టిబొమ్మలుగా నిలబడాలి" అన్నాడు.

రణధీరుడు వెళ్ళాడు, రాలేదు. గుణధీరుడు వెళ్ళాడు, రాలేదు. కొన్నాళ్ళకు ఒక కాకి కోటగోడ మీద వాలి చెప్పింది. "ఇద్దరూ ఏడో ఊబిలో నడుం దాకా దిగబడి ఉన్నారు. రోజుకో బెత్తెడు కుంగుతున్నారు. మృగశిర కార్తె తొలి ఉరుము వినపడేసరికి తలలు కూడా మునుగుతాయి."

మృగశిరకు ఇంకా తొమ్మిది రోజులుంది.

మణిధీరుడు కత్తి తీసుకోలేదు, గుర్రం ఎక్కలేదు. కోట వెనక తోటకు వెళ్ళాడు. అక్కడ నారుమడి పక్కన చెంగల్వ అనే పిల్ల గొంతుక్కూర్చుని ఉంది. ఆ తోటకు నారు పోసి పెంచేది ఆ పిల్లే. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు పాలవంక గట్టున ఏరుమద్దుల కింద ఆడుకుని, పోయేదాకా మనవరాలికి ఆ చెట్ల కబుర్లే చెప్పిన మనిషి.

"చెంగల్వా, ఏరుమద్ది గుర్తులు నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పకేం రాకుమారా, మీ పెద్దన్నగారి ఏనుగులకు ఎదురెళ్ళి, అయ్యా ఇది కొండమద్ది, నీళ్ళలో చస్తుంది అన్నాను. పూలపిల్లా, నీ పూలు నువ్వు చూసుకో అన్నారు. చూసుకుంటున్నాను."

మణిధీరుడికి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. "అన్నల తప్పు నేను మోస్తాను. నాతో రా, దారిలో నేర్పు" అన్నాడు.

చెంగల్వ చేతులు కడుక్కుంది. నాలుగు తుంగచాపలు చుట్టి చంకన పెట్టుకుంది. "అడవిలో రాజసం పనికొస్తుంది గాని ఊబిలో చాప పనికొస్తుంది. ఒకదాని మీద నిలబడాలి, రెండోది ముందుకు వెయ్యాలి, దానిమీదికి దాటాలి, వెనకది లాక్కోవాలి. తొందరపడ్డారో, మీ అన్నల పక్కన మీరూ ఒక బొమ్మ" అంది.

చాప వేశారు, దాటారు, చాప లాగారు. మొదటి ఊబి దాటారు. రెండో ఊబి దాటారు.

మూడో ఊబిలో ఒక నీటికుక్క పిల్లలతో సహా ఎండిన మడుగులో చిక్కుకుని నాలుక వేలాడేసుకుని కూర్చుంది. మణిధీరుడు తన తలపాగా విప్పి అందులో వాటిని ఎత్తి, పారే నీళ్ళలో వదిలాడు. నీటికుక్క మీసాలు దులుపుకుని, "నువ్వు రాజు కొడుకువా? మరి మెత్తగా పట్టుకున్నావే. సరే, నాలుగో ఊబిలో చాపకూడా మునుగుతుంది. నా వెనక రండి, గట్టి దారి చూపిస్తాను" అంది. చూపించింది. నాలుగో ఊబి దాటారు.

ఐదో ఊబిలో ఒక కొంగ కాలు వలపోగులో చిక్కుకుని ఉంది. మణిధీరుడు ఒక్కొక్క ముడే ఓపిగ్గా విప్పాడు. కొంగ కాలు చాపి చూసుకుని గొంతు తగ్గించింది. "ఊబిమల్లుడి ప్రాణం ఎక్కడుందో చెబుతాను, విను. ఒక చిలకలో ఉంది. ఆ చిలక అసలైన ఏరుమద్ది తొర్రలో ఉంది. ఆ తోటలో ప్రతి చెట్టుకూ తొర్ర ఉంది. తప్పు తొర్ర జోలికి పోతే నేల నోరు తెరుస్తుంది."

ఆరో ఊబి గట్టున ఒక పట్టుపురుగు కింద పడి ఉంటే చీమలు లాక్కుపోతున్నాయి. మద్దాకులు తిని దసలి పట్టు నేసే పురుగది. చెంగల్వ దాన్ని ఆకుమీదికి ఎక్కించి కొమ్మన పెట్టింది.

"మద్ది మీద బతికేదానివి, ఏది ఏరుమద్దో ఏది నల్లమద్దో చూడగానే చెబుతావు కదా. మాతో వస్తావా?" అని ఆశగా అడిగాడు మణిధీరుడు.

"నన్నడక్కు బాబూ, నాకు రెండూ రుచే" అంది పట్టుపురుగు. "తినేవాళ్ళకి చెట్టు పేరెందుకు? పెంచేవాళ్ళకి కావాలి. నేనిచ్చేది ఒకటే, దారం. ఏనుగు లాగినా తెగదు." బారెడు దారం తీసి ఇచ్చింది. మణిధీరుడు దాన్ని మణికట్టుకు చుట్టుకున్నాడు.

ఊబికీ ఊబికీ మధ్య చెంగల్వ ఏరుమద్ది గుర్తులు చెబుతూనే ఉంది. ఒకటి బెరడులో, రెండోది ఆకులో, మూడోది కాయలో. చెట్టు గురించి చెప్పేటప్పుడు ఆ పిల్ల మొహం చూస్తే, చంటిబిడ్డ గురించి తల్లి చెప్పినట్టుండేది. మణిధీరుడు మూడు గుర్తులూ మూడేసి సార్లు అప్పజెప్పాడు. వాడు అప్పజెప్పడం ఆపితే చెంగల్వ, "మళ్ళీ" అనేది.

ఏడో ఊబికి చేరేసరికి తొమ్మిదో రోజు పొద్దెక్కింది. పడమట మబ్బు కమ్ముతోంది. ఊబి నడుమ రెండు తలలు. గడ్డాల దాకా బురద.

"తమ్ముడూ, వచ్చావా" అన్నాడు రణధీరుడు. "ముందు నా ముక్కు గోకు. నాలుగు రోజులుగా దోమ అక్కడే కుడుతోంది."

"ముందు నాది" అన్నాడు గుణధీరుడు. "నాకు ఐదు రోజులు."

చెంగల్వ వంగి ఇద్దరి ముక్కులూ తుంగపుల్లతో గోకింది. రణధీరుడు ఆ పిల్లను గుర్తుపట్టి కళ్ళు దించుకున్నాడు. "పూలపిల్లా, ఆ రోజు నీ మాట వినలేదు" అన్నాడు. "ఇప్పుడు వినండి. కదలకండి. కదిలితే ఇంకా కుంగుతారు" అంది చెంగల్వ.

అప్పుడు బురద బుడగ కట్టి పగిలి, అందులోంచి ఊబిమల్లుడు పైకి వచ్చాడు.

"మూడోవాడివి కూడా వచ్చావా. తోడు తెచ్చుకున్నావే. తెచ్చుకో. కాని చెప్పేది నువ్వే. ఆ పిల్ల నోరు విప్పిందో, తొలి ఉరుము దాకా కూడా ఆగను."

చెంగల్వ పెదవులు బిగించుకుంది.

మొదటి పరీక్ష. మూడు చెట్లు నిలబడి ఉన్నాయి. మూడింటి మానులూ పాలలా తెల్లన. మణిధీరుడు మొదటి మాను మీద చెయ్యి వేసి రుద్దాడు. అరచేతికి సున్నం అంటింది, కింద మొసలి వీపులాంటి నల్లటి పగుళ్ళు బయటపడ్డాయి. రెండో మాను రుద్దాడు. మళ్ళీ సున్నం, మళ్ళీ మొసలి వీపు. మూడో మాను రుద్దాడు. చేతికి ఏమీ అంటలేదు. పలచటి పెచ్చు ఒకటి ఊడి వచ్చింది, దాని కింద చర్మం నున్నగా, లేత గులాబీ తెలుపులో మెరిసింది. ఇంత అందమైన మానును వాడు ఎన్నడూ చూడలేదు. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

"ఇది" అన్నాడు.

ఊబిమల్లుడు పళ్ళు నూరాడు. "కళ్ళు మూసుకో" అని చెట్లను అటూ ఇటూ మార్చాడు. బురద ఎగజిమ్మి మానులన్నిటికీ కొమ్మల దాకా పూసేశాడు. రెండో పరీక్ష. ఇప్పుడు ఆకులే కనిపిస్తున్నాయి. మూడింటివీ పొడుగాటి ఆకులే, మూడూ పచ్చనివే.

మణిధీరుడు ఒక్కో చెట్టు నుంచి ఒక్కో ఆకు కోశాడు. మొదటి ఆకు తిరగేసి చూస్తే అడుగున నడిమి ఈనె మీద బుడిపెలున్నాయి. అది నల్లమద్ది. రెండో ఆకు తిరగేశాడు. తొడిమె వచ్చి ఆకును కలిసే చోట, సరిగ్గా ఆ కీలు దగ్గర, రెండు చిన్న బుడిపెలు, ఆవగింజలంత, బిడ్డ చెవులకు పెట్టిన దుద్దుల్లా. మూడో ఆకూ చూశాడు. దాని బుడిపెలూ ఈనె మీదే.

"రెండోది" అన్నాడు.

పక్కన చెంగల్వ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. అన్నల పెదవుల దాకా బురద వచ్చింది.

మూడో పరీక్ష. ఊబిమల్లుడు మూడు కుప్పలు పోశాడు. మూడూ అయిదు రెక్కల ఎండుకాయలే. "ఇందులో ఒక్క కుప్పే మొలిచి ఏరుమద్ది అవుతుంది. అది చెప్పు" అన్నాడు.

మణిధీరుడు కాయల రెక్కలు వెలుగుకు పట్టి చూశాడు. మొదటి కుప్పలో రెక్కల మీది గీతలు తిన్నగా అంచు దాకా అడ్డంగా పోయాయి. అది నల్లమద్ది, పక్కకు నెట్టాడు. రెండో కుప్పలో గీతలు పైకి వంపు తిరిగాయి. ఇదే ఏరుమద్ది. మూడో కుప్ప చూశాడు. అందులోనూ గీతలు పైకే వంపు తిరిగాయి.

రెండు కుప్పలూ ఏరుమద్దే. మూడు గుర్తులూ అయిపోయాయి. నాలుగో గుర్తు చెంగల్వ చెప్పలేదు. వాడు ఆమె వైపు చూశాడు. ఆమె నోరు విప్పలేక కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మబ్బు నడినెత్తికి వచ్చింది. గుణధీరుడి ముక్కు కింద బురద బుడగలు తేలుతున్నాయి.

మణిధీరుడు కళ్ళు మూసుకుని నారుమడి తలుచుకున్నాడు. విత్తే ముందు చెంగల్వ ఏం చేస్తుంది? మడి తడుపుతుంది. కొంగు బిగిస్తుంది. ఆ తరువాత దోసిట్లోంచి ఒక్క గింజ తీసి రాయి మీద పెట్టి కొడుతుంది. లోపలికి చూస్తుంది. నవ్వితే విత్తుతుంది, నవ్వకపోతే పారేస్తుంది.

వాడు రాయి తెచ్చి రెండో కుప్ప లోంచి ఒక కాయ పగలగొట్టాడు. లోపల పప్పు నల్లబడి మెత్తగా ఉంది. ఊబిమల్లుడు ఉడకబెట్టిన కాయలవి. మూడో కుప్ప లోంచి ఒకటి కొట్టాడు. పప్పు తెల్లగా, గట్టిగా, పాలపంటిలా ఉంది.

"ఇది బతికున్న కుప్ప" అన్నాడు.

ఊబిమల్లుడు హిహిహి అని నవ్వాడు. "గింజలిస్తానన్నాను, పట్టుకో. బయటికి పోనిస్తానని ఎవడన్నాడు?" మణిధీరుడి కాళ్ళకింద నేల జారింది. బురద మోకాళ్ళకు వచ్చింది, నడుముకు వచ్చింది.

మాంత్రికుడు నవ్వగానే ఎక్కడో ఇంకో గొంతు కూడా హిహిహి అంది. రెండో పరీక్షలో మణిధీరుడు చూపిన చెట్టు తొర్రలోంచి ఒక పచ్చని తల బయటికి వచ్చింది. చిలక బుద్ధి ఎక్కడికి పోతుంది, యజమాని ఏమంటే అదీ అదే అంటుంది. మణిధీరుడు మణికట్టు దారం విప్పి ఉచ్చు వేశాడు. విసిరి, చిలక మెడ చుట్టూ బిగించి, గుప్పిట్లోకి లాక్కున్నాడు. ఊబిమల్లుడి నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

"బాబ్బాబు, నొక్కకు" అన్నాడు మాంత్రికుడు.

"అన్నల్ని వదులు."

ఊబి ఒక్కసారి కక్కినట్టు అన్నదమ్ములు ముగ్గురినీ గట్టున పడేసింది. సరిగ్గా అప్పుడే తొలి ఉరుము ఉరిమింది.

"చంపెయ్ తమ్ముడూ" అన్నారు అన్నలు, బురద ఉమ్ముతూ.

"ఆగండి" అంది చెంగల్వ. ఇంక మాట్లాడొచ్చు కదా. "గింజ ఇవాళ నాటితే రేపటికి గట్టు ఆపుతుందా? రెండు రోజులు నానాలి, మొలకెత్తాలి, మోకాలెత్తు పెరిగాక గట్టుకు మార్చాలి, వేళ్ళు వేళ్ళను పట్టుకోవాలి. మూడు వానాకాలాలు పడుతుంది. ఈ మూడు వానలకూ గట్టునెవరాపుతారు? మట్టి లాగినవాడే ఆపాలి."

అలా ఊబిమల్లుడు పాలవంక గట్టు పొడుగునా వెల్లకిలా పడుకున్నాడు. చిలక మణిధీరుడి భుజం మీద ఉంది. మాంత్రికుడు కాలు కదిపినప్పుడల్లా మణిధీరుడు చిలక ముక్కు మీద వేలితో తట్టేవాడు, కాలు ఆగిపోయేది. ఊబిమల్లుడి పక్కటెముకల వారన చెంగల్వ మొక్కలు నాటించింది. రణధీరుడు గోతులు తవ్వాడు. గుణధీరుడు నీళ్ళు మోశాడు, మోసినంతసేపూ ఎన్ని కడవలో చెబుతూనే ఉన్నాడు. మొదటి వానకు మొక్కలు వంగి లేచాయి. రెండో వానకు నీళ్ళు నెలరోజులు వాటి పాదాల దగ్గర కూర్చున్నాయి. ఒక్క ఆకు పసుపెక్కలేదు. మూడో వానకు వేళ్ళు వేళ్ళను పట్టుకున్నాయి. ఊబిమల్లుడి ఒంటి బురద అంతా ఆ వేళ్ళకు అంటుకుపోయి, చివరికి వాడు మిగల్లేదు, గట్టు మిగిలింది. చిలక ఎటో ఎగిరిపోయింది. ఆ ఏడు ఒక్క వీధి కూడా ఏట్లో కలవలేదు. జనం గట్టుమీద నిలబడి, తెల్లటి మానుల్ని తడిమి తడిమి చూసుకున్నారు.

ఆ రోజు చెంగల్వ అడిగింది. "రాకుమారా, గింజ కొట్టి చూడమని మీకు నేను చెప్పలేదే. ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. తోట గోడ మీంచి చూశాను."

"ఎన్నాళ్ళు చూశారు?"

మణిధీరుడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. "మూడేళ్ళు" అన్నాడు.

ఏరుమద్దుల నీడలోనే పందిరి వేసి పెళ్ళి చేశారు. అన్నలిద్దరూ తమ్ముడికే పట్టం కట్టమన్నారు. కొండభూపతి తన తరువాత వాడికేనని ఆ మాట మన్నించాడు. మణిధీరుడూ చెంగల్వా అరవై ఏళ్ళు గట్టుపురాన్ని ఏలారు, మనవల్ని మునిమనవల్ని చూశారు.

ఆ అరవై ఏళ్ళ సంగతి అంతా చెప్పలేను గాని పెళ్ళైన మర్నాటి సంగతి చెబుతాను. ఇంకా మేళాలవాళ్ళు కూడా లేవలేదు. కొత్తకోడలు కనిపించడం లేదని కోటంతా వెతుకుతుంటే, కొండభూపతి ఏటి ఒడ్డుకు వచ్చాడు. చెంగల్వ పసుపు బట్టలతోనే కొంగు బిగించి, దోనెలోకి మొక్కలు ఎక్కిస్తోంది. మణిధీరుడు తెడ్డు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికమ్మా?"

"అవతలి గట్టుకు మామగారూ. మనవైపు గట్టిపడింది కదా, ఏరు ఊరుకుంటుందా? ఇక అవతలివాళ్ళ వీధులు తింటుంది. ఈ వాన లోపే నాటాలి."

"అది మన రాజ్యం కాదు తల్లీ."

"నీళ్ళకు ఆ సంగతి తెలియదు" అంది చెంగల్వ. "ఆ చివర గంప ఇటు అందించండి."

కొండభూపతి ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. కిరీటం తీసి ఒడ్డున పెట్టాడు. గంప నెత్తికెత్తుకుని దోనె ఎక్కాడు.